పడగ లేని గ్లాసులు

పోయినవాటిని ముందుగా చెప్పేస్తాను. స్టీలు గ్లాసులు నాలుగు వందల పన్నెండు. వడ్డన బకెట్లు రెండు; వాటిలో ఒకటి అంతకుముందే కారుతుండేది, కాబట్టి ఒకటిన్నర అనుకున్నా తప్పులేదు. గరిటెలు మూడు. ఈత చాప ఒకటి. పెరుగన్నం కలిపే కర్ర తెడ్డు ఒకటి. దాన్ని కరుచుకుని ఒక కుక్క సముద్రం వైపు వెళ్లడం చూశామని ఇద్దరు చెప్పారు, ఆపామని మాత్రం ఇద్దరిలో ఒక్కరూ చెప్పలేదు. నా చెప్పుల్లో ఎడమకాలిది. కుడికాలిది భద్రంగా ఉంది.

ఇది తొంభైల మధ్యలో ఒక మాఘ పౌర్ణమి నాటి లెక్క. బందరులో సామాన్లు అద్దెకిచ్చే షాపు పెట్టి అప్పటికి ఏడాది కూడా నిండలేదు. కుర్చీలు, బల్లలు, షామియానాలు, గుండిగలు, గంగాళాలు, గ్లాసులు మా దగ్గర ఉండేవి. చదువు పదో తరగతితో ఆగింది. లెక్కలు మాత్రం మా నాన్న దగ్గర వచ్చాయి. ఆయన కళ్లాల్లో ధాన్యం కొలిచేవాడు. కొలిచేవాళ్లు మొదటి కుంచాన్ని ‘ఒకటి’ అనరు, ‘లాభం’ అంటారు. లాభం, రెండు, మూడు, అలా సాగుతుంది. చిన్నప్పటి నుంచి విన్నది కాబట్టి ఇప్పటికీ కుర్చీలు లెక్కపెట్టినా, బస్సులో జనాన్ని లెక్కపెట్టినా నా నోటికి ముందు లాభమే వస్తుంది. ఆ పౌర్ణమి సాయంత్రం ఇసకలో గొంతుకూర్చుని మిగిలిన గ్లాసుల్ని కూడా లాభం అనే మొదలుపెట్టాను. రెండు వందల ఎనభై ఎనిమిది దగ్గర ఆగిపోయింది. తీసుకెళ్లినవి ఏడు వందలు.

కృష్ణ సముద్రంలో కలిసేచోట స్నానం చేయడానికి ఆ రోజున ఎక్కడెక్కడి నుంచో జనం పాలకాయతిప్పకు వస్తారు. బస్సు దిగి ఎండలో నడిచి, మునిగి, తడి బట్టలతో ఆకలిగా తిరిగి నడుస్తారు. వాళ్లకు పులిహోర, పెరుగన్నం, మజ్జిగ పెడదామని మేం నలుగురైదుగురు షాపులవాళ్లం అనుకున్నాం. బియ్యం ఒకరివి, పెరుగు ఒకరిది, వ్యాను ఒకరిది, సామాన్లు నావి.

మా ఆవిడకు ఈ ఏర్పాటు ఆఖరి వరకూ నచ్చలేదు.

“ఏవండీ, ఉన్న గ్లాసులన్నీ పట్టుకుపోతున్నారు. పదో రోజున గుడ్లవల్లేరు పెళ్లి ఉంది, గుర్తుందా?”

“ఒక్క రోజే కదా. మర్నాటికి కడిగి ఇక్కడ పెడతాను.”

“ఆ పెళ్లికి ఒక్క గ్లాసు తగ్గినా ఇక ఈ సేవా గీవా మాట నా దగ్గర ఎత్తొద్దు. ముందే చెప్తున్నాను.”

ఆమె భయం ఉత్త భయం కాదు. గుడ్లవల్లేరు పెళ్లి మాకు వచ్చిన మొదటి పెద్ద బేరం. ఆరు వందల గ్లాసులు, అన్నీ ఒక్క తీరువే కావాలన్నారు. ఆ వైపు పెళ్లిళ్లన్నీ అప్పటిదాకా గుడివాడలో ఒక పాత షాపు వాళ్లే చేసేవాళ్లు. పెళ్లికూతురి పెదనాన్నగారు బందరు దాకా వచ్చి మాకు ఇచ్చారంటే అది మా అదృష్టం. బాగా జరిగితే ఆ దారి ఊళ్లన్నీ మావైపు తిరుగుతాయి. పెళ్లిలో గ్లాసులు తగ్గాయన్న మాట ఒక్కసారి పుడితే, షాపు మూసుకుని మళ్లీ ఇంకొకరి దగ్గర పనికి చేరడమే. పౌర్ణమి భోజనాలకూ అదే ఆఖరు.

ఆ సాయంత్రం ఇసకంతా వెతికాం. విస్తరాకుల గుట్టలు కర్రతో కదిపి చూశాం. ఒక్క గ్లాసు దొరకలేదు.

“ఎవరో దొంగలు పడ్డారు అన్నా,” అన్నాడు భాయ్.

భాయ్ గురించి చెప్పాలి. బందరులో స్టీలు సామాన్ల మీద పేర్లు కొట్టడం ఆయన పని. షాపు పెట్టినప్పుడు మా గ్లాసులన్నిటికీ గుర్తు వేసింది ఆయనే. అక్షరానికి ఇంత అని కూలి. మా షాపు పేరు తొమ్మిది అక్షరాలు. ఏడు వందల గ్లాసులకు ఆరు వేల మూడు వందల అక్షరాలవుతాయని నేను అప్పటికప్పుడు నోటితో చెప్పాను.

“అక్షరాలొద్దు భాయ్. ఒక కెరటం వెయ్యి చాలు. మనది బందరే కదా, సముద్రం గుర్తుగా ఉంటుంది.”

ఆయన సన్న ఉలితో చుక్కలు చుక్కలుగా వంకర గీత ఒకటి కొట్టి, చివర ఒక పెద్ద చుక్క పెట్టాడు.

“ఆ చుక్క ఎందుకు?”

“అందానికన్నా. దానికి డబ్బుల్లేవులే.”

పౌర్ణమినాడు మజ్జిగ దగ్గర నిలబడ్డది కూడా భాయే. దినమంతా సుత్తి చప్పుళ్ల మధ్య మాట్లాడే మనిషి, గొంతు పెద్దది. “తీసుకెళ్లండమ్మా, తీసుకెళ్లండి! ఇక్కడ నిలబడొద్దు, తీసుకెళ్లండి!” అని ఆయన అరుస్తుంటే వరస ఎక్కడా ఆగకుండా కదిలింది. అంత చక్కగా కదిలే వరసను నేను సినిమా హాలు దగ్గర కూడా చూడలేదు.

తిరిగి వస్తూ మోపిదేవిలో ఆగాం. గుడి బయట అరుగు మీద ఒక పెద్దావిడ కూర్చుని, స్టీలు గ్లాసును పైటకొంగుతో తుడుస్తోంది. వంకర గీత, చివర చుక్క. నేను దగ్గరికి వెళ్లాను.

“ఈ గ్లాసు ఎక్కడిదమ్మా?”

“తిప్ప దగ్గర పంచారు నాయనా. స్వామివారి గ్లాసు. ఇదిగో చూడు, పాము. ఇప్పుడే దీంతో పాలు పోసి వచ్చాను.”

“పంచారా?”

“నువ్వు తెచ్చుకోలా? అయ్యో పాపం. పొద్దున్నే పోవాల్సింది, ఇప్పటికి అయిపోయుంటాయి. ఒక సాయిబుగారు గొంతు చించుకుని మరీ ఇచ్చాడు, తీసుకెళ్లండి తీసుకెళ్లండి అని.”

నా వెనకాలే ఉన్న భాయ్ నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నాడు.

“నేను మజ్జిగ సంగతి అన్నానమ్మా!”

“మజ్జిగ ఎట్టా తీసుకెళ్తారయ్యా, దోసిట్లోనా?”

గ్లాసు చేతిలోకి తీసుకుని తిప్పి చూశాను. అడ్డంగా పట్టుకుంటే కెరటం. నిలువుగా పట్టుకుంటే పాము. అందానికి పెట్టిన చుక్క దాని కన్ను. మోపిదేవి స్వామిని పాము రూపంలో కొలుస్తారు. స్నానానికి వచ్చినవాళ్లలో సగం మంది ఈ గుడి చూసుకుని వెళ్లేవాళ్లే. పాము బొమ్మ ఉన్న గ్లాసు చేతిలో పెట్టి తీసుకెళ్లండి అంటే ఎవరు మాత్రం ఏమనుకుంటారు?

గ్లాసు ఆవిడకు తిరిగి ఇచ్చేశాను. ఒక్క నిమిషం పాటు పోయినవి నాలుగు వందల పదకొండు అయ్యాయి, మళ్లీ పన్నెండు అయ్యాయి.

ఇంటికి వెళ్లి మా ఆవిడకు జరిగింది చెప్పాను. “అద్దెకిచ్చే షాపు పెట్టి దానమిచ్చింది బందరులో మనమే,” అంది. “పెళ్లికి ఎన్ని తగ్గుతాయి?”

“మూడు వందల పన్నెండు.”

“తొమ్మిది రోజులున్నాయి. తెండి.”

కొత్తవి కొనే స్తోమత లేదు. వేరే షాపులో అడిగి తెచ్చినా ఒక్క తీరున ఉండవు. మర్నాడు భాయ్‌నీ, ఒక ఆటోనీ, ఒక మైకునీ తీసుకుని కోడూరు వైపు ఊళ్లు తిరిగాను. చెప్పాల్సింది నేనే రాసిచ్చాను: “పౌర్ణమినాడు పొరపాటున తీసుకెళ్లిన స్టీలు గ్లాసులు దయచేసి తిరిగి ఇవ్వగలరు.” రెండో ఊళ్లోనే ఒక పెద్దాయన ఆటోకు అడ్డం నిలబడ్డాడు.

“పొరపాటేంటయ్యా? స్వామి గ్లాసు మా ఇంటికి రావడం పొరపాటా?”

“అది కాదండీ, అవి షాపు గ్లాసులు...”

“షాపుదైతే షాపు పేరుండాలి. పామెందుకుంది?”

“పాము కాదండీ, కెరటం.”

ఆయన గ్లాసు తెప్పించి, చుట్టూ చేరిన పదిమందికీ చూపించాడు. పది మందీ పామే అన్నారు. భాయ్‌ని అడిగితే, “నాకూ ఇప్పుడు పాములాగే కనిపిస్తోందన్నా,” అన్నాడు. ఎండన పడి వచ్చామని ఆ ఊరివాళ్లు మజ్జిగ ఇచ్చారు, అదీ మా గ్లాసుల్లో కాదు, వాటిని దేవుడి దగ్గర పెట్టారు కదా, వేరే వాటిలో. సాయంత్రానికి వసూలైనవి అరటిపళ్లు ఒక అత్తం, గ్లాసులు సున్నా.

అప్పుడు పిన్ని దగ్గరికి వెళ్లాను. వరసకు పిన్ని కాదు. పాలకాయతిప్ప దగ్గర పల్లెకారుల పేటలో ఉండేది, ఎండుచేపలు గంపలో పెట్టుకుని బస్సులో బందరు వచ్చి అమ్మేది. మధ్యాహ్నం వేళ మా షాపు చూరుకింద గంప దించి కూర్చోవడం వల్ల పరిచయం. పౌర్ణమినాడు పులిహోర వడ్డించింది కూడా ఆవిడే. నా గోడు విని ముందు నవ్వాల్సినంత నవ్వింది.

“ఇచ్చిన పెసాదం ఎనక్కి అడగమాకయ్యా. ఎవరిత్తారు? నేనూ ఇయ్యను.”

“నీ దగ్గరా ఉందా?”

“రెండున్నాయి. సరేగానీ, పెళ్లి ఉందన్నావు కదా. పెళ్లి కోసం అడిగితే ఎవరు కాదంటారు? స్వామి గ్లాసుల్తో పెళ్లోరికి మంచినీళ్లిత్తే పుణ్యమని చెప్తా.”

“అబద్ధమవుతుంది కదా పిన్నీ.”

“ఏది అబద్ధం? పెళ్లి లేదా? గ్లాసుల్లేవా? నీళ్లు తాగరా?”

నేను ఆలోచించాను. మూడూ నిజమే.

“ఒక్కటి. చేపల గంపల్లో అయితే ఎవరూ ఎయ్యరు. కొత్త గంపలు ఆరు కొనిపెట్టు,” అంది. ఆవిడలాగా ఊరూరా తిరిగి చేపలు అమ్మే ఆడవాళ్లు ఆ పేటలో చాలామంది ఉన్నారు. కొత్త గంపలు కొని అక్కడ దించి వచ్చాను. ఆ తర్వాత నేను చేయగలిగింది ఏమీ లేదు.

ఐదారు రోజులు ఏ కబురూ రాలేదు. నేను మాత్రం ఉన్న రెండు వందల ఎనభై ఎనిమిదిని తోమి, తుడిచి, మళ్లీ తోమాను. అంతలో ఒక మధ్యాహ్నం గుడ్లవల్లేరు పెదనాన్నగారు చెప్పాపెట్టకుండా షాపుకు వచ్చారు. ఖద్దరు చొక్కా, చేతిలో గొడుగు. అందరినీ బావగారూ అని పిలిచే మనిషి.

“బావగారూ, ఇటు పనిమీద వచ్చాను. సామాన్లు ఒకసారి చూసిపోదామని.”

కుర్చీలు చూశారు, గంగాళాలు వేళ్లతో కొట్టి చూశారు. గ్లాసుల దగ్గర ఆగారు. నేను వరసలు ఎంత విడివిడిగా పేర్చినా మూడు వందలు ఆరు వందల్లా కనిపించవు.

“మిగతావి?”

వెనక గదిలోంచి మా ఆవిడ అందుకుంది. “దివిసీమ వెళ్లాయండి అన్నయ్యగారూ.”

“అక్కడేం పని?”

“పూజలో ఉన్నాయండి.”

ఆయన కళ్లు పెద్దవయ్యాయి. గ్లాసు ఒకటి ఎత్తి, దానిమీద బొమ్మ చూసి కళ్లకు అద్దుకున్నారు. “మోపిదేవి స్వామి! మా ఇలవేల్పండీ. ముందే చెప్పొచ్చు కదా బావగారూ! అయితే ఆరు వందలు కాదు, ఇంకో యాభై ఎక్కువ పంపండి.”

ఆయన బస్సు ఎక్కగానే నేను మా ఆవిడ వైపు తిరిగాను. “తగ్గేవి ఇప్పుడు మూడు వందల అరవై రెండు.”

“నేను ఒక్క ముక్క అబద్ధం చెప్పానా?” అంది.

పెళ్లి ముందురోజు మధ్యాహ్నం అవనిగడ్డ బస్సు మీద ఆరు గంపలు వచ్చాయి. పక్కనే పిన్ని, ఇంకో ఇద్దరు ఆడవాళ్లు. గంపల మీద కొత్త గుడ్డలు కప్పి, పసుపు చల్లి ఉంది. షాపు ముందు చాపలు పరిచి పోశాం. నేనొక వైపు, భాయ్ ఒక వైపు లెక్కకు కూర్చున్నాం. ఆయన ఒకటి అని, నేను లాభం అని మొదలుపెట్టాం. పూర్తయ్యాక రెండు అంకెలూ కలిపాను. మళ్లీ కలిపాను. మొత్తం కుప్ప చేసి, ఈసారి నేనొక్కణ్ణే మొదటి నుంచి లెక్కపెట్టాను.

నాలుగు వందల ముప్పై ఒకటి.

“వచ్చేశాయి కదా!” అంది మా ఆవిడ సంతోషంగా. “ఇంకా ఆ మొహమేంటి?”

“పోయినవి నాలుగు వందల పన్నెండే. పందొమ్మిది ఎక్కువొచ్చాయి.”

“మంచిదేగా.”

“మంచిదెలా అవుతుంది? లెక్క తప్పు!”

భాయ్ గ్లాసులు ఒక్కొక్కటీ వెలుగుకు పెట్టి చూస్తున్నాడు. “అన్నా, ఇది నా చెయ్యి కాదు,” అన్నాడు. చూస్తే ఆ గ్లాసు మీద పాముకు పడగ ఉంది. నా కెరటానికి పడగ ఎక్కడిది? ఏరడం మొదలుపెట్టాం. మేకుతో కొట్టినవి, గీకినవి, పడగ ఎడమకు తిరిగినవి, ఒకదానికైతే రెండు పడగలు. అన్నీ కలిపి యాభై ఎనిమిది. అంటే మావి మూడు వందల డెబ్భై మూడే.

పిన్ని తాపీగా చెప్పింది. “ఆ రోజు దొరకనోళ్లు ఇంట్లో గ్లాసుల మీదే పాముబొమ్మ కొట్టుకున్నారు. పెళ్లంటే మాదీ పట్టుకెళ్లమని ఏశారు. వద్దంటానా?”

“మరి ఇవి ఎవరెవరివో...”

“నీకెందుకు, అన్నీ వచ్చే ఏడు పౌర్ణమికి తిరిగి ఇత్తారని చెప్పాన్లే. పాయసం పోసి.”

“అన్నీనా? మావి కూడానా?”

“మరి? ఎరువు అడిగి తెచ్చినయ్ ఉంచేసుకుంటారా ఎవరన్నా?”

నా గ్లాసుల్ని నేను ఎరువు తెచ్చుకున్నానన్నమాట. మా ఆవిడ నవ్వి నవ్వి స్టూలు మీద కూలబడింది. నాకు నవ్వడానికి ఇంకో గంట పట్టింది. నేను ఇంకా ఏ లెక్కలో ఏది రాయాలో ఆలోచిస్తూ ఉన్నాను.

గుడ్లవల్లేరులో పెళ్లి బాగా జరిగింది. పెదనాన్నగారు పందిట్లో అందరికీ గ్లాసు చూపిస్తూ తిరిగారు. భాయ్ కూడా సాయానికి వచ్చాడు. తీసుకెళ్లండి అన్న మాట ఆ రోజుకి ఆయన నోట రాకూడదని మా ఆవిడ షరతు పెట్టింది. చేతులు కడుక్కునే చోట నిలబడి, “ఇక్కడ పెట్టండి, బాబూ ఇక్కడ పెట్టండి,” అని భోజనాలు ముగిసేదాకా బతిమాలాడు. ఒకాయన తన కళ్లజోడు కూడా పెట్టి వెళ్లాడు. పంక్తులు లేచాక లెక్కపెట్టాం. పంపినవి ఆరు వందల యాభై, వచ్చినవి ఆరు వందల యాభై.

ఆ వేసవిలోనే గుడివాడ దారిలో రెండు పెళ్లిళ్లు, ఒక గృహప్రవేశం మాకు వచ్చాయి. పడగ ఉన్నవి అటక మీద పెట్టేసి, మావి మాత్రం తిప్పాం. కొంచెం కూడదీసుకున్నాక వేరే గ్లాసులు కొన్నాను. వాటిమీద తొమ్మిది అక్షరాలూ కొట్టించాను, చుక్కలు ఎక్కడా ఎక్కువ పెట్టొద్దని పక్కనే కూర్చున్నాను. సేవా గీవా మాట నేను భయం భయంగా ఎప్పుడెత్తాలా అనుకుంటుండగా, సంక్రాంతి వెళ్లిన వారానికి మా ఆవిడే అడిగింది.

“ఏవండీ, నాలుగు వందల మందికి పాయసమంటే బెల్లం ఎంత పడుతుంది?”

ఆ పౌర్ణమికి గ్లాసులన్నీ తీసుకెళ్లాం. పాయసం పోసి ఇచ్చాం. పడగలు కొట్టుకున్నవాళ్లు తమ గ్లాసును దూరం నుంచే గుర్తుపట్టారు. రెండు పడగల గ్లాసు తాలూకు ఆవిడ వరసలో ముందుకొచ్చి, నాదింకా ఎవరికీ ఇవ్వలేదు కదా అని నిలదీసి మరీ తీసుకుంది. మోపిదేవి అరుగు మీద కనిపించిన పెద్దావిడ కూడా వచ్చింది. తనది పెళ్లికి ఇవ్వలేదట, ఇంటి నుంచే తెచ్చుకుంది, పాయసం రెండుసార్లు పోయించుకుంది. నా వైపు చూసి, “ఈ ఏడన్నా తొందరగా వచ్చావా నాయనా?” అని అడిగింది.

ఆ రోజు ఇచ్చినవి మూడు వందల పద్దెనిమిది. మరుసటి ఏడు యాభై ఒకటి. ఆ తర్వాత ఏటా ఒకటీ రెండూ, ఒక్కో ఏడు అసలు లేదు; అన్నీ కలిపి ఇరవై ఐదు. ప్లాస్టిక్ గ్లాసులు వచ్చాయి, కాగితం గ్లాసులు వచ్చాయి. భోజనాల దగ్గర ఇప్పుడు అవే వాడుతున్నాం. మిగిలిన స్టీలు గ్లాసుల గంప మాత్రం ఏటా వ్యానులో మాతోపాటు వస్తుంది. ఎవరైనా అడిగితే ఇస్తాం. అడగనివాళ్లకు ఊరికే ఇచ్చేయమని పిన్ని అంటుంది. ఎరువు తెచ్చింది ఇచ్చినవాళ్లకే ఇవ్వాలని నేనంటాను. ఈ మాఘ పౌర్ణమికి ఎవరూ అడగలేదు. ఇంటికొచ్చి గంప దించి లెక్క చూశాను: పడగ ఉన్నవి పదకొండు, పడగ లేనివి ఇరవై ఆరు. ఇంకా ఇవ్వాల్సినవి ముప్పై ఏడు.